యాభై మీద నిలవని ముల్లు

సోమవారం

కారు మళ్ళీ అదే పని చేసింది. బైపాసు మీద యాభైలో తిన్నగా పోతూ పోతూ, ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు కాస్త తగ్గింది. వెంటనే వదిలేసినట్టు ముందుకు దూకింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ దూకింది. ఈయన స్టీరింగు బిగించి పట్టుకుని స్పీడు ముల్లు వంకే చూస్తున్నారు. అది యాభైకి కిందా పైనా ఊగుతోంది తప్ప ఒకచోట నిలవదు.

"నా కాలేనా?" అన్నారు.

"మీ కాలు కాదు, కారే. పాత బండి. నేర్చుకునేవాళ్ళు తొక్కి తొక్కి దీన్ని పీల్చి పిప్పి చేశారు."

ఆ మాట మరీ తొందరగా అనేశాను. ఆయన నా వంక ఒక చూపు చూసి మళ్ళీ ముల్లు వైపు తిరిగారు.

కంపెనీవాళ్ళు ఈ నెలాఖరుకి ట్రయల్ పెట్టారు. సూపర్‌వైజరు పక్కన కూర్చుంటాడట, ఈయన సరుకుల వ్యాను నడిపి చూపించాలట. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ వాళ్ళ వ్యానే నడిపిన మనిషికి ఇప్పుడు పరీక్ష! యాక్సిడెంటులో కుడికాలు విరిగి, రాడ్డు వేసి, అతుక్కుని, ఇక నడపొచ్చని డాక్టరు అన్నా వాళ్ళకి నమ్మకం లేదు. ట్రయల్ పోతే గోడౌన్ గేటు దగ్గర కుర్చీ వేస్తారు. వచ్చే పోయే బళ్ళ నంబర్లు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ కుర్చీ మాటెత్తితే చాలు, ఈయన కంచం ముందునుంచి లేచిపోతున్నారు.

అందుకే నా డ్రైవింగ్ స్కూలు కారులో రోజూ పొద్దున్నే తీసుకెళ్తున్నాను. ఆయన నడుపుతారు, నేను నా సీట్లో కూర్చుంటాను. నా వైపు కూడా బ్రేకూ క్లచ్చూ ఉన్నాయి కదా, భయం లేదు. ఊరందరికీ నేర్పేదాన్ని, మొగుడికి నాలుగు రోజులు తోడు కూర్చోలేనా?

మంగళవారం

కారుని చూద్దాం బాబాయ్ షెడ్డులో పెట్టాను. మా మెకానిక్‌కి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. బండి సాయంత్రానికి ఇస్తావా అంటే చూద్దాం అంటాడు. టీ తాగుతావా అన్నా చూద్దామే.

"తిన్నగా పోయేటప్పుడు లేచి పడుతోందంటే, అమ్మాయ్, గాలి ఎక్కువన్నా లాగుతూ ఉండాలి, పెట్రోలన్నా సరిగ్గా అందకుండా ఉండాలి. లేదంటే ఆ రెండింటి లెక్క చూసే సెన్సరు అబద్ధాలు చెబుతూ ఉండాలి," అన్నాడు.

ఎయిర్ ఫిల్టరు తీసి దులిపితే దుమ్ము మబ్బులా లేచింది. గాలి లోపలికి వెళ్ళే గొట్టం మూత తీశాడు, మసి. స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచాడు. తర్వాత ఇంజను ఆన్ చేయించి చెవి రిక్కించి అటూ ఇటూ వంగి విన్నాడు. వెనకవైపు ఒక సన్నటి రబ్బరు గొట్టం పగిలి ఉంది, అక్కడ్నించి బుస్సుమని గాలి పీలుస్తోంది.

"ఇదిగో దొంగ," అన్నాడు.

నాకు గంతులేయాలనిపించింది. ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను, దొంగ దొరికాడని. అత్తయ్యకి కూడా చెప్పాను. ఆవిడ "ఏం పోయింది?" అని కంగారు పడింది.

బుధవారం

దొంగ అది కాదు.

గురువారం

ఇవాళ నేనొక్కదాన్నీ బైపాసు మీదకి తీసుకెళ్ళాను. ముల్లు యాభై మీద మేకు కొట్టినట్టు ఆగింది. చూద్దాం బాబాయ్‌ని నడపమని నేను పక్కన కూర్చున్నాను, అప్పుడూ ఆగింది. పది గంటల క్లాసుకి వచ్చే కళ్ళజోడమ్మాయి ఇవాళే మొదటిసారి యాభై దాకా వెళ్ళింది. భయంతో ఒకటే కేకలు, కారు మాత్రం నీళ్ళ మీద పడవలా సాఫీగా పోయింది.

ఎవరు నడిపినా బాగుంది. ఈయన నడిపితేనే లేదు.

ఈ మాట ఇంకెక్కడా అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాలే. రాడ్డు వేసిన కాలు ఒకే ఒత్తిడి మీద నిలబడటం లేదు. వదులుతోంది, ఉలిక్కిపడి మళ్ళీ నొక్కుతోంది. ఆయనకి తెలియకుండానే జరుగుతోంది. నేను కారు కారు అని మొత్తుకుంటున్నది అందుకే.

మధ్యాహ్నం ఇంటికి వస్తే ఈయన అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. సూది కింద గుడ్డ లేదు, దారం లేదు. కుడికాలు ఒక్కటే పెడలు మీద పెట్టి తొక్కుతున్నారు. చక్రం తడబడకుండా తిరుగుతోంది, ఎంతసేపు నిలబడి చూసినా అదే వేగం.

"ఒరేయ్, ఉత్తినే తిప్పితే మిషను పాడవుతుంది. ఏదైనా కుట్టుకో," అంది అత్తయ్య.

"కాలు కుట్టుకుంటున్నానమ్మా," అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాను. ఏడుపొచ్చింది.

శుక్రవారం

సిగ్గు విడిచి అడిగేశాను. "బాబాయ్, ఏదో ఒకటి చెప్పు. పెట్రోలు పంపు పోయిందను. మార్చానను. ఆయన మనసు కుదుటపడితే కాలు కూడా కుదుటపడుతుంది."

"లేని జబ్బుకి మందెలా వెయ్యనమ్మాయ్? రేపు వ్యానులో కూడా ఇలాగే లేచిపడితే, అప్పుడేం చెబుతావ్?"

"నువ్వు నీతులు చెప్పకు. నీ చేతనైతే కనిపెట్టు, లేకపోతే లేదను."

పెద్దవాణ్ణి అలా అనకూడదు. బాబాయ్ ఏమీ అనుకోలేదు, చూద్దాం అని లోపలికి వెళ్ళి చిన్న పెట్టె తెచ్చాడు. స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకి తగిలించాడు. నడుపుతున్నంతసేపూ కారు కంప్యూటరుకి ఏమేం తెలుస్తోందో అదంతా రాసుకుంటుందట. రేపు మీరిద్దరూ రోజూ వెళ్ళినట్టే వెళ్ళి రండి అన్నాడు.

శనివారం

దొరికింది! ఈసారి నిజంగానే దొరికింది.

బాబాయ్ పెట్టె తెర మీద గీతలు చూపించాడు. పెట్రోలు గీత బాగుంది, గాలి గీత బాగుంది. బ్రేకు గీత మాత్రం పళ్ళూడిన దువ్వెనలా ఉంది. యాభైలో పోతుండగా బ్రేకు పడినట్టు, వదిలినట్టు, పడినట్టు, వదిలినట్టు.

"మీరు బ్రేకు తొక్కారా?" అని ఈయన్ని అడిగాడు.

"బైపాసు మీద యాభైలో బ్రేకెందుకు తొక్కుతాను?"

"అయితే స్విచ్చు పోయింది. బ్రేకు పెడలు దగ్గర చిన్న స్విచ్చుంటుంది. మీరు తొక్కకపోయినా తొక్కారని చెబుతోంది. ఆ మాట నమ్మి ఇంజను తగ్గుతోంది."

ఈయన మొహం విప్పారింది. ఎన్నాళ్ళయిందో అలా చూసి. స్విచ్చు మారుస్తుంటే టార్చిలైటు పట్టుకుని వంగి నిలబడ్డారు, కాలు నొప్పి అన్నదే లేదు. ఇంటికొచ్చి రెండోసారి వడ్డించుకుని తిన్నారు. "నీ కారుకి నిజం చెప్పడం రాదు, నీ పోలికే," అన్నారు. నవ్వాను. కాలు కాదు. నా అనుమానమే తప్పు. కాలు కాదు.

ఆదివారం

అయిపోయింది.

పొద్దున్న ఈల వేసుకుంటూ ఎక్కారు. నేనేమీ మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు రోడ్డు మీద పెట్టి కూర్చున్నాను. గేర్లు వెన్నలా పడ్డాయి. ఇళ్ళు దాటేదాకా బాగుంది. బైపాసు పక్కన సందులు మొదలయ్యాయో లేదో, మొదటి సందు దగ్గర తగ్గింది, దాటాక దూకింది. రెండో సందు దగ్గర మళ్ళీ. కర్రల డిపో దగ్గరైతే బండి గుర్రంలా ఎగిరింది.

రోడ్డు పక్కకి తీసి ఆపారు. ఇంజను ఆపేసి తాళంచెవి తీసి నా ఒళ్ళో పెట్టారు.

"స్విచ్చు కొత్తది. గొట్టం కొత్తది. ఇంక మార్చడానికి మిగిలింది నేనే," అన్నారు.

"కారు..."

"కారు కారు అనకు. నువ్వు నడిపితే ఎందుకు బాగుంటోంది? రేపు వెళ్ళి చెప్పేస్తాను, కుర్చీ వెయ్యమని."

తిరుగుదారిలో నేను నడిపాను. ముల్లు యాభై మీదే ఆగింది. అంత కోపం ఏ వస్తువు మీదా ఎప్పుడూ రాలేదు నాకు.

సోమవారం

చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు, వేసుకున్నారు. వెళ్ళలేదు. విప్పి వంకీకి తగిలించారు.

మంగళవారం

బాబాయే ఇంటికొచ్చాడు. ఆఖరిసారి, నేను వెనక సీట్లో కూర్చుంటాను, ఒక్కసారి తిప్పండి బాబూ అని ఈయన్ని బతిమాలాడు. పెద్దవాడి మాట కాదనలేక లేచారు. ముగ్గురం వెళ్ళొచ్చాం. అంతా మామూలే, లేచిపడటమూ మామూలే. ఈయన దిగి మెట్లెక్కి పోయారు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ.

బాబాయ్ నన్ను కారు పక్కనే ఆపాడు.

"కొత్త స్విచ్చు కూడా పాతది చెప్పిందే చెబుతోందమ్మాయ్. పాపం దాన్ని అనవసరంగా మార్చాను. ఎవరో నిజంగానే బ్రేకు తొక్కుతున్నారు."

"ఆయన కాలు పొరపాటున తగులుతోందేమో."

"ఆయన కాలు పెట్రోలు పెడలు దాటి కదల్లేదు. నేను వెనకనుంచి వంగి చూస్తున్నది ఆయన కాలుని కాదు."

నా చెప్పుల వంక చూశాడు.

"సందు మొగ వచ్చినప్పుడల్లా తొక్కుతున్నావు. గట్టిగా కాదు, ఆనిస్తున్నావంతే. బండి కాస్త బరువెక్కుతుంది, ఆయన ఇంకొంచెం పెట్రోలిస్తాడు. నువ్వు వదులుతావు, బండి దూకుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను నేర్పినవాళ్ళు ఈ ఊళ్ళో సగంమంది ఉన్నారు బాబాయ్. కాలు పెడలు మీద ఆనించి కూర్చోకూడదని మొదటిరోజే చెబుతాను. నాకే నేర్పుతున్నావా?"

"కళ్ళజోడమ్మాయి నడిపితే బాగుందన్నావు, అంటే అప్పుడు నువ్వు తొక్కలేదు. నేను నడిపినప్పుడూ తొక్కలేదు," అన్నాడు. చూద్దాం అనకుండానే వెళ్ళిపోయాడు.

ముసలాడికి చత్వారం. కాళ్ళ దగ్గర చీకట్లో, సీట్ల మధ్యలోంచి వంగి ఏం చూశాడో ఏమో.

బుధవారం

ఈయన్ని బలవంతాన లేపి తీసుకెళ్ళాను. ఆఖరిసారికి ఇది ఆఖరిసారి అన్నాను. చెప్పులు కింద వదిలేసి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"పూజకి కూర్చున్నట్టు అదేం కూర్చోవడం?" అన్నారు.

"నడుం పట్టింది."

ఇళ్ళు దాటాం. మొదటి సందు. నా కుడిమోకాలు దానంతటదే ఎగిరింది. చేత్తో పట్టుకుని అదిమాను. రెండో సందు, మళ్ళీ ఎగిరింది. కర్రల డిపో దగ్గర రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. ముల్లు యాభై మీద ఉంది. కదల్లేదు. అంత నున్నగా ఈ కారు ఎప్పుడూ పోలేదు, నేను నడిపినప్పుడు కూడా.

"ఇవాళ బాగుందేంటి?" అన్నారు. గొంతులో సంతోషం లేదు, అనుమానం ఉంది.

"ఏమో," అన్నాను.

ఏమో అన్నాను!

గురువారం

చెప్పక్కర్లేదనుకున్నాను. రోజూ బాసింపట్టు వేసుకుని కూర్చుంటే సరిపోతుంది, బండి బాగుంటుంది, ధైర్యం వస్తుంది, ట్రయల్‌కి వెళ్తారు. ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రంతా ఇదే లెక్క వేసుకున్నాను.

పొద్దున్న ఈయన టీ గ్లాసు పట్టుకుని ప్రశాంతంగా చెప్పారు. "ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు. ఎప్పుడెలా ఉంటుందో నాకే తెలియని కాలు వేసుకుని రోడ్డెక్కలేను. రోజూ బాగుండకపోయినా ఇంత బాధ లేదు. నిన్న బాగుంది చూడు, దానితో తేలిపోయింది. నా కాలుని నమ్మడానికి లేదు. రేపు వెళ్ళి కుర్చీ తెచ్చుకుంటాను."

నా లెక్క తలకిందులైంది. చెప్పాలి. నోరు రావడం లేదు. ఒక్క మాటైతే చెప్పేదాన్నే. నేను తొక్కాను అంటే, ఎందుకు తొక్కావు అంటారు.

ఎందుకంటే యాక్సిడెంటు అయిన రోజు వ్యానులో నేను పక్కనే ఉన్నాను. దారిలో నన్ను ఎక్కించుకున్నారు, ఇంటికొస్తున్నాం. సందులోంచి లారీ వెనక్కి వచ్చింది. నేను ముందు చూశాను. కేకేసి, కాలితో తొక్కాను. నా కాలి కింద బ్రేకు లేదు, ఉత్త రేకు. ఆయన ఆ తర్వాత చూశారు. ఎంత తర్వాతంటే, ఒక ఊపిరంత. తప్పు లారీదేనని పోలీసులన్నారు, అందరూ అన్నారు, నేనూ అన్నాను. నాకు దెబ్బ తగల్లేదు. కానీ నేను ముందు చూశాను. ఈ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు. నా కాలు మాత్రం మర్చిపోలేదు.

గురువారం, సాయంత్రం

చెప్పాను. ఆయన కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉన్నారు. అత్తయ్య పక్కింటికి వెళ్ళింది. నిలబడే అంతా చెప్పేశాను, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని. పెడలు, సందులు, బాబాయ్, బాసింపట్టు, ముందు చూడటం, అన్నీ.

మిషను చక్రాన్ని చేత్తో ఆపారు.

"నువ్వు ముందు చూశావని నాకు తెలుసు," అన్నారు. "నీ కేక విన్నాకే నేను ముందుకి తిరిగాను. అప్పుడు అద్దంలో చూస్తున్నాను. వెనక బస్సు ఆనుకుని వస్తోంది, పిల్లలున్న బస్సు. అద్దాలు చూడమని ఊరందరికీ నువ్వే చెబుతావుగా."

అప్పుడు కూర్చున్నాను, నేల మీదే.

"నన్నొక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. నువ్వు అడగలేదు."

"భయమేసింది."

"అది సరే. భయం నాకూ ఉంది. ఇన్నాళ్ళూ నా కాలుని నేను తిట్టుకుంటుంటే, నువ్వు నీ కాలు అక్కడ పెట్టుకుని చూస్తూ కూర్చున్నావు చూడు. అదీ."

లేచారు. తలుపు దడాలున వేసి బయటికి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను. మెట్లు దిగుతున్నారు. కోపంలో రెయిలింగు పట్టుకోవడం మర్చిపోయారు. మెట్టుకొక కాలు చొప్పున, నాకంటే వేగంగా దిగారు.

శుక్రవారం

మాటల్లేవు. కూర అడగాలన్నా అత్తయ్యతోనే. "ఉప్పు ఇటు పెట్టమను" అంటారు, నేను ఎదురుగానే ఉన్నాను.

"మీ ఇద్దరి మధ్య టెలిఫోన్ తీగలా నన్నెందుకు పెట్టారర్రా?" అని అత్తయ్య విసుక్కుని కంచం పట్టుకుని వరండాలోకి పోయింది.

గోడౌన్‌కి వెళ్ళలేదు. కుర్చీ మాటెత్తలేదు. మధ్యాహ్నం తాళంచెవి అడిగారు, అదీ అత్తయ్య ద్వారానే. కారు ఒక్కరే తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేదాకా నేను ఇల్లంతా ఊడ్చాను, ఊడ్చిందే ఊడ్చాను. వచ్చి తాళంచెవి మేకుకి తగిలించారు. ఎలా ఉందని అడగలేదు. అడగాలని నాలుక దురద పెట్టింది.

పడుకోబోయేముందు నా వైపు చూడకుండా అన్నారు: "రేపు ట్రయల్. నువ్వు రావద్దు."

శనివారం

తీసుకున్నారు. వ్యాను ఆయనకే ఇచ్చారు, వచ్చే సోమవారం నుంచి. ఇప్పుడు లోపల అత్తయ్యకి చెబుతున్నారు, సూపర్‌వైజరు ఏమన్నాడో, తనేమన్నారో. గొంతు పెద్దదిగా ఉంది. నాకు వినిపించాలనే అని నా నమ్మకం.

నేను వెళ్ళాను. రావద్దన్నారు, వెళ్ళాను. గోడౌన్ ఎదురుగా టైర్ల కొట్టు పక్కన స్తంభం చాటున నిలబడ్డాను, దొంగలాగ. గేటు తెరుచుకుంది. వ్యాను బయటికి వచ్చింది. సూపర్‌వైజరు పక్క సీట్లో ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చున్నాడు. అతని కాలి కింద ఏమీ లేదు, ఉత్త రేకే. పాపం ఆ సంగతి అతనికి తెలియదు, హాయిగా కిటికీలోంచి చూస్తున్నాడు.

వ్యాను తిన్నటి రోడ్డు మీదకి తిరిగి వేగం అందుకుంది. ఇంజను చప్పుడు పెరిగి ఒకచోట ఆగింది, ఆ తర్వాత ఎగుడూ లేదు దిగుడూ లేదు. వెనక దీపాలు నల్లగా ఉన్నాయి. మొదటి సందు దాటింది, దీపాలు వెలగలేదు. రెండో సందు దాటింది. నేను చెప్పులోంచి కాలు తీసి ఎప్పుడు నేలకి నొక్కానో నాకే తెలియదు. బొటనవేలు మట్టిలో దిగిపోయింది. నొక్కితే నొక్కుకో, ఇక్కణ్ణించి ఎవరికీ తగలదు అనుకున్నాను.

రోడ్డు ఖాళీగా ఉంది. రెప్ప వేయకుండా చూస్తున్నాను, నిజంగా ఖాళీగానే ఉంది. ఉన్నట్టుండి వ్యాను వెనక దీపాలు రెండూ ఎర్రగా వెలిగాయి. ఏమీ లేని చోట బ్రేకెందుకు వేశారా అని అటు చూస్తే, మూడో సందులోంచి ఒక స్కూటరు అప్పుడే బయటికి వస్తోంది.